డైపరు మార్చే చోటు నేల మీద ఉండాలి, ఇంటిల్లిపాదిదీ కావాలి

ఈ మధ్య ఎం.వి.పి. కాలనీలో ఒక బంధువుల ఇంటికి వెళ్ళాను. కూతురిని పురిటికి తీసుకువచ్చారు. ఎనిమిదో నెల. పుట్టబోయే బిడ్డ కోసం సిద్ధం చేసిన గదిని ఎంతో సంబరంగా చూపించారు. కిటికీ పక్కన నడుమెత్తు బల్ల ఒకటి ఉంది. తెల్లని రంగు, పైన మెత్తని పరుపు, బిడ్డను కట్టి ఉంచడానికి ఒక పట్టీ, కింద మూడు సొరుగులు. సొరుగుల నిండా డైపర్లు, వైప్స్, పౌడరు డబ్బాలు, నాలుగు రకాల క్రీములు. "డైపరు మార్చడానికి ప్రత్యేకంగా తెప్పించాం బాబాయిగారూ" అన్నారు.

నేను రెండు ప్రశ్నలు అడిగాను. "బిడ్డను శుభ్రం చేశాక చేతులు ఎక్కడ కడుక్కుంటారు?" హాలు దాటి అవతలి గదికి వెళ్ళాలన్నారు. "రాత్రి రెండు గంటలకు ఎవరు మారుస్తారు?" ఎవరూ మాట్లాడలేదు. అందరి చూపులూ ఆ అమ్మాయి వైపు తిరిగాయి. అల్లుడుగారు ఫోనులోకి తల దించుకున్నారు.

ఆ రెండు ప్రశ్నలే ఈ వ్యాసానికి కారణం. పిల్లల వైద్యునిగా నా అభిప్రాయాన్ని దాచుకోకుండా చెబుతాను. మన ఇళ్ళలో ఆ బల్ల అవసరం లేదు. డైపరు మార్చే చోటు నేల మీద ఉండాలి. నీటికి దగ్గరగా, మంచి వెలుతురులో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, అక్కడ కూర్చునే వంతు ఇంట్లోని ప్రతి పెద్దవారికీ రావాలి. ఈ చివరి మాట నచ్చనివారే ఎక్కువమంది ఉంటారని తెలుసు. వారి కోసమే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఎత్తులోనే ఉంది ముప్పు

"నిన్నటిదాకా దొర్లలేదండీ, ఇవాళే దొర్లింది." మంచం మీద నుంచో, బల్ల మీద నుంచో పడిపోయిన బిడ్డను ఎత్తుకుని పరుగెత్తుకొచ్చిన తల్లిదండ్రుల నోట ఈ మాట నేను ఉద్యోగకాలంలో లెక్కలేనన్నిసార్లు విన్నాను. అందులో అబద్ధం లేదు. బిడ్డ మొదటిసారి ఎప్పుడు దొర్లుతుందో ఎవరికీ ముందుగా తెలియదు. సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలల మధ్య దొర్లడం నేర్చుకుంటారు. అయితే అంతకు ముందు కూడా కాళ్ళతో తన్నుకుంటూ, నడుము విదిలిస్తూ పసిబిడ్డ జరుగుతూనే ఉంటుంది. శరీరంతో పోలిస్తే తల బరువు ఎక్కువ కనుక పడినప్పుడు తరచుగా తలే ముందు తాకుతుంది. మన ఇళ్ళలో కింద పరిచి ఉండేది గ్రానైటో, పాలరాయో, టైల్సో.

తల్లి చేసే తప్పు ఎంతటిది? చేతికి అందని వైప్స్ ప్యాకెట్టు కోసం అర నిమిషం వెనక్కి తిరగడం. లేదా మోగుతున్న ఫోను వైపు రెండడుగులు వేయడం. అంత చిన్న పొరపాటుకు అంత పెద్ద శిక్ష పడే ఏర్పాటును ఇంట్లో మనమే చేసి పెట్టుకోవడం ఎందుకు?

నడుమెత్తు బల్ల శీతల దేశాల ఇళ్ళకు పుట్టిన వస్తువు. అక్కడ నేల చల్లన. వంటయినా, ఇస్త్రీ అయినా నిలబడి చేయడమే అలవాటు. అటువంటి చోట కూడా అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ తల్లిదండ్రులకు ఏం చెబుతున్నదో తెలుసుకోండి. బల్లకు నాలుగు వైపులా కనీసం రెండంగుళాల గట్టు ఉండాలి; పట్టీ బిగించాలి; పట్టీ బిగించినా బిడ్డ మీద ఒక చెయ్యి ఉంచే ఉండాలి; ఒక్క క్షణం కూడా వదిలి వెళ్ళకూడదు. ఆ బల్లతో బతికే సమాజమే దాన్ని అంత అనుమానంతో చూస్తున్నది. మనం మాత్రం పట్టీ ఉన్నది కదా అని నిశ్చింతగా ఉంటున్నాం.

ఇక మన పద్ధతి సంగతి. అమ్మమ్మ పీట వేసుకుని, కాళ్ళు బారజాపి, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోయడం మీలో చాలామంది చూసే ఉంటారు. దాన్ని ఒక్కసారి వైద్యుని కళ్ళతో చూడండి. నేలకు జానెడు ఎత్తు. పడిపోయే వీలు లేదు. రెండు కాళ్ళ మధ్య పల్లంలో బిడ్డ కదలకుండా ఒదిగి ఉంటుంది. ఒక చెయ్యి ఎప్పుడూ బిడ్డ మీదే ఉంటుంది. నీళ్ళ బిందె పక్కనే, తూము ఎదురుగానే. బిడ్డ ముఖం, ఆమె ముఖం ఎదురెదురుగా. భద్రత, శుభ్రత, లాలన మూడూ అందులో కుదిరాయి. ఇంతకంటే మంచి నమూనాను ఏ దుకాణమూ అమ్మలేదు. పాతదంతా మంచిదని నేను అనను. పౌడరు దగ్గరికి వచ్చేసరికి పెద్దవాళ్ళతో కూడా తగవు పెట్టుకోబోతున్నాను. కానీ ఈ ఒక్క విషయంలో అమ్మమ్మ కాళ్ళే గెలిచాయి.

నేల మీద ఏర్పాటు ఎలా?

స్నానాల గదికి దగ్గరగా, వంటింటికి దూరంగా, గోడ వారగా ఒక చోటు ఎంచుకోండి. నడిచే దారిలో ఉండకూడదు. ఫ్యాను గాలి, ఏసీ గాలి సూటిగా తగలకూడదు. దీపం బాగా వెలగాలి.

నేలను రోజూ తడిగుడ్డతో తుడవండి. ఓడరేవులో బొగ్గు, ఇనుప ఖనిజం దించి ఎక్కించే చోటికి దగ్గరలో ఉన్న పాతపట్నం, జ్ఞానాపురం వాసులకు, కిటికీ గట్టు మీద వేలు రాస్తే నల్లగా అంటుకునే ధూళి గురించి నేను చెప్పనక్కరలేదు. చీపురుతో ఊడిస్తే ఆ ధూళి గాలిలోకి లేచి మళ్ళీ పరుపు మీదే దిగుతుంది. అందుకే తడిగుడ్డ. అందుకే కిటికీ కింద కాకుండా ఎదుటి గోడ వార.

పరవడానికి ఒక బొంత, దాని మీద రబ్బరు షీటు, దాని మీద ఉతికిన నూలుగుడ్డ చాలు. రబ్బరు షీటు నేరుగా బిడ్డ ఒంటికి తగలకూడదు. చెమట పట్టి చర్మం ఒరుస్తుంది. గుడ్డ తడిస్తే వెంటనే మార్చండి. బొంతను వీలైనప్పుడల్లా ఎండలో వేయండి.

కూర్చున్న మనిషి చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఒక బుట్ట ఉంచండి. అందులో మడత పెట్టిన డైపర్లు లేదా గుడ్డలు, దూది, తుడవడానికి మెత్తని నూలుగుడ్డలు, పెట్రోలియం జెల్లీ లేదా జింక్ ఆక్సైడ్ క్రీము. పక్కన మూత ఉన్న చిన్న గిన్నెలో గోరువెచ్చని నీరు. మరో పక్క పాత వార్తాపత్రికలు, మూత ఉన్న చెత్తబుట్ట. మన కాలనీల్లో చాలా చోట్ల కుళాయి వేళకే వస్తుంది కాబట్టి చేతులు కడుక్కోవడానికి ఒక బకెట్టు నీళ్ళు, చెంబు, సబ్బు స్నానాల గదిలో ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. లెక్క ఇంతే. బిడ్డ పుట్టకముందు ఏమీ కొనకూడదని నమ్మే పెద్దలకు కూడా ఇందులో అభ్యంతరం ఉండనవసరం లేదు. చాలా మటుకు ఇంట్లో ఉన్న వస్తువులే.

మార్చే పద్ధతి కూడా క్లుప్తంగా చెబుతాను. ముందు అన్నీ అందేలా ఉన్నాయో లేదో చూసుకుని, ఆ తరువాతే బిడ్డను పడుకోబెట్టండి. ఆడపిల్లను ఎప్పుడూ ముందు నుంచి వెనక్కి తుడవండి. వెనక నుంచి ముందుకు తుడిస్తే మలంలోని క్రిములు మూత్రమార్గంలోకి చేరవచ్చు. మగపిల్లవాడి అంగం ముందు చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగవద్దు. బొడ్డు ఊడేదాకా డైపరు అంచు బొడ్డుకు కిందనే మడవండి. రుద్దకుండా అద్ది తుడవండి. చర్మం పూర్తిగా ఆరాకే కొత్త డైపరు కట్టండి. రోజులో రెండు మూడుసార్లు, పది పదిహేను నిమిషాల పాటు ఏదీ కట్టకుండా గాలి తగలనివ్వండి. ఎత్తైన బల్ల మీద ఈ చివరి పని చేయడం కష్టం. నేల మీద సులువు.

తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవడం తప్పనిసరి. "పాలు తాగే బిడ్డది, అదేం మైల?" అనే మాట మన ఇళ్ళలో ప్రేమతో అనేదే. కానీ విరేచనాలు కలిగించే రోటావైరస్ వంటి క్రిములు పసిబిడ్డ మలంలోనే పెద్ద సంఖ్యలో ఉంటాయి. 2016లో రోటావైరస్ టీకాను సార్వత్రిక టీకాల కార్యక్రమంలో మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. చుక్కల మందుగా ఇచ్చే ఆ టీకాలోని బలహీనపరచిన వైరస్ కూడా కొన్నాళ్ళ పాటు మలంలో వెలువడుతుంది. కడగని చేత్తో ఆ ఇంటి పెద్ద పిల్లవాడికి అన్నం కలిపి పెడితే ఏమవుతుందో ఆలోచించండి. రాత్రి షిఫ్టు దిగి స్టీలు ప్లాంటు నుంచి వచ్చే తండ్రి అయితే మార్చడానికి ముందు కూడా చేతులు కడుక్కోవాలి, పని దుస్తులు విడిచి రావాలి. ఆ దుస్తులకు అంటిన ధూళి బొంత మీదికి చేరకూడదు.

బుట్టలో ఉండకూడనివి

మొదటిది పౌడరు. పెద్దలు నొచ్చుకున్నా సరే, ఈ మాట గట్టిగానే చెప్పాలి. టాల్కం పౌడరు చల్లినప్పుడు లేచే సన్నని పొడిని బిడ్డ పీలిస్తే ఊపిరితిత్తులకు హాని కలుగుతుంది. డబ్బా ముఖం మీద ఒలికి శ్వాస ఆగినంత పని అయిన పిల్లలు వైద్య గ్రంథాల్లో ఉన్నారు. ప్రపంచంలో దీనికి పర్యాయపదంగా నిలిచిన జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థే 2023లో టాల్కుతో చేసే బేబీ పౌడరును ప్రపంచమంతటా మానుకున్నది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ టాల్కును మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. క్యాన్సర్ మాట అలా ఉంచినా, చెమటతో కలిసిన పౌడరు తొడ మడతల్లో ముద్ద కట్టి ఒరుసుకుంటుంది. మన ఊరి ఉక్కపోతలో పౌడరు చర్మాన్ని పొడిగా ఉంచుతుందనుకోవడం భ్రమ.

రెండోది యాంటీసెప్టిక్ ద్రవం. నీళ్ళలో ఆసుపత్రి వాసన వస్తే శుభ్రమైందని తృప్తి. పసి చర్మానికి అది మంట. మామూలు నీరు చాలు.

మూడోది, అన్నిటికంటే ప్రమాదకరమైనది, మందుల దుకాణంలో "ఎర్రగా ఉంది, ఏదైనా ఇవ్వండి" అని అడిగి తెచ్చుకునే మిశ్రమ క్రీము. అందులో ఫంగస్ మందు, యాంటీబయాటిక్, వాటితో పాటు బలమైన స్టెరాయిడ్ కలిపి ఉంటాయి. స్టెరాయిడ్ వల్ల రెండు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది. ఇంటిల్లిపాదీ ఆ క్రీమును నమ్ముతారు. డైపరు కింద గాలి ఆడని చర్మం ఆ మందును మామూలు కంటే ఎక్కువగా పీల్చుకుంటుంది. వారాల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది. మందు రక్తంలో చేరి బిడ్డ సొంత హార్మోన్ల తయారీనే అణచివేయగలదు. వైద్యుని చీటీ లేకుండా అమ్మకూడని మందు ఇది. అడిగితే ఇచ్చే దుకాణదారు తప్పు ఎంతో, అడిగే మన తప్పు కూడా అంతే.

అసలు ఆ ఎరుపు ఎందుకు వస్తుంది? మలంలోని క్రిములు మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా మారుస్తాయి. దానివల్ల చర్మపు సహజమైన ఆమ్ల గుణం తగ్గుతుంది. అప్పుడు మలంలోని జీర్ణరసాలు చురుకెక్కి తడిసి నానిన చర్మాన్ని తినడం మొదలుపెడతాయి. డైపరు లోపల ఉండే సోడియం పాలీఅక్రిలేట్ అనే పొడి తన బరువుకు ఎన్నో రెట్లు నీటిని పట్టి ఉంచగలదు. మలాన్ని పట్టి ఉంచలేదు. ప్యాకెట్టు మీద "పన్నెండు గంటలు" అని రాసి ఉన్నది పీల్చుకునే సామర్థ్యం గురించి. మీ బిడ్డ చర్మం గురించి కాదు. పగలు రెండు మూడు గంటలకోసారి చూడండి. మలం అయితే గంట లెక్క లేదు, వెంటనే మార్చాలి. మడతల లోపల కూడా ఎర్రబడి, చుట్టూ చిన్న చిన్న పొక్కులు వస్తే ఫంగస్ కావచ్చు. రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే, పుండు పడినా, జ్వరం వచ్చినా వైద్యునికి చూపించండి.

అది ఇంట్లోని తొలి వైద్యశాల

వెలుతురు ఉండాలని ముందే చెప్పాను. కారణం ఇది. మాటలు రాని బిడ్డ తన ఆరోగ్యం గురించి మీకు చెప్పే సంగతులలో చాలా భాగం ఆ గుడ్డ మీదనే ఉంటుంది.

పుట్టిన ఐదో రోజు తరువాత రోజుకు ఆరు, అంతకంటే ఎక్కువసార్లు మూత్రం పోస్తుంటే తల్లిపాలు సరిపోతున్నాయని అర్థం. పాలు చాలడం లేదేమోనన్న దిగులుతో డబ్బా పాలు మొదలుపెట్టే ముందు ఈ లెక్క చూసుకోండి. అతిగా పీల్చే డైపరులో ఈ లెక్క తెలియదు. అందుకే తొలి వారాల్లో పగటిపూట గుడ్డలు వాడమని నా సలహా. మొదటి రెండు మూడు రోజులు మలం నల్లగా, జిగటగా ఉండడం సహజం. ఆ తరువాత పసుపు రంగులోకి మారాలి. మారాక మళ్ళీ నల్లబడినా, నెత్తురు కనిపించినా వైద్యుని దగ్గరకు వెళ్ళాలి.

ఇంకొకటి జాగ్రత్తగా గుర్తుంచుకోండి. మలం సున్నంలా తెల్లగా, లేదా పాలిపోయిన మట్టి రంగులో ఉంటే ఆలస్యం చేయవద్దు. బిలియరీ ఎట్రీసియా అనే జబ్బులో పైత్యరస నాళాలు మూసుకుపోయి కాలేయం దెబ్బతింటుంది. జపాను శస్త్రవైద్యుడు కసాయ్ పేరిట ప్రసిద్ధమైన శస్త్రచికిత్స ఉంది. అది బిడ్డకు అరవై రోజులు నిండే లోపు జరిగితే ఫలితం మెరుగు. తైవాన్‌లో 2004 నుంచి ప్రతి తల్లి చేతికీ మలం రంగులు ముద్రించిన కార్డు ఇస్తున్నారు. మన చేతిలో ఆ కార్డు లేకపోవచ్చు. ఉన్నవి కళ్ళే. పచ్చకామెర్లు వచ్చిన బిడ్డను ఎండలో పడుకోబెడితే తగ్గిపోతుందని రెండు నెలలు గడిపేసి, తరువాత తీసుకువచ్చిన తల్లిదండ్రులను చూశాను. "విరేచనం ఏ రంగులో ఉంది?" అని అడిగితే తండ్రి తల్లి వైపు చూసేవాడు. తల్లి నిద్ర లేని కళ్ళతో, "చీకట్లో మార్చాను, సరిగ్గా చూడలేదండీ" అనేది.

ఆమెను తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఒకే మనిషి, రోజుకు పదిసార్లు, నెలల తరబడి, చీకట్లో. ఆ ఇంట్లో చూసే కళ్ళు ఇంకో రెండు జతలు ఉన్నాయి. అవి నిద్రపోతున్నాయి.

ఎవరి పని ఇది?

ఇప్పుడు నేల మీద ఏర్పాటుకు వచ్చే అసలైన అభ్యంతరం దగ్గరికి వస్తాను. "ఆపరేషను అయిన పిల్ల నేల మీద ఎలా కూర్చుని లేస్తుందండీ? బల్ల అయితే నిలబడి చేసుకుంటుంది కదా!" న్యాయమైన ప్రశ్న. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు, తెలంగాణలో నూటికి 61 కాన్పులు సిజేరియన్లే. అంటే ఇది చాలా ఇళ్ళ సంగతి.

కానీ ప్రశ్నలోనే జవాబు దాగి ఉంది. పొట్ట కోసి కుట్లు వేసిన మనిషి చేత రోజుకు పదిసార్లు ఈ పని ఎందుకు చేయిస్తున్నారు? ఆమెకు సులువుగా ఉండాలని బల్ల కొంటున్నామనుకుంటున్నారు. ఆమె ఒక్కతే చేయాలన్న నిర్ణయాన్ని ఆ బల్లతో ఖాయం చేస్తున్నారు. పాలివ్వడం ఆమె తప్ప ఎవరూ చేయలేరు. డైపరు మార్చడం రెండు చేతులున్న ఎవరైనా చేయగలరు. కనుక ఆ మొదటి ఆరు వారాలు నేల మీద కూర్చోవలసింది బిడ్డ తండ్రి, తాతగారు, ఇంట్లో ఓపిక ఉన్న ఇతరులు. అమ్మమ్మ, నాయనమ్మల మోకాళ్ళ నొప్పుల సంగతి కూడా మరువకండి. వారికి ఇది రెండో విడత చాకిరి.

మోకాళ్ళు వంగనివారు నిలబడవలసిన పని లేదు. పెద్ద మంచాన్ని గోడకు చేర్చి, దాని నడుమ కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు కాళ్ళ మధ్య బిడ్డను పడుకోబెట్టుకోండి. మళ్ళీ అమ్మమ్మ కాళ్ళ పద్ధతే. అవసరమైన వస్తువులన్నీ పక్కన పెట్టుకున్నాకే మొదలుపెట్టండి. పని పూర్తయ్యేదాకా లేవకండి.

"మగవాళ్ళకు అలవాటు లేదండీ" అంటారు. అలవాటు ఎలా వస్తుందో చెబుతాను. అమెరికాలో 2016లో ఒక చట్టం వచ్చింది. ప్రజలు వచ్చిపోయే కేంద్ర ప్రభుత్వ భవనాల్లో ఆడవారి మరుగుదొడ్లతో పాటు మగవారి మరుగుదొడ్లలో కూడా డైపరు మార్చే బల్ల ఉండాలన్నది. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుర్రవాళ్ళు ఆ బల్లల దగ్గర నిలబడి చక్కగా డైపర్లు మారుస్తున్నారు. అదే కుర్రవాడు సెలవులకు విశాఖపట్నం విమానాశ్రయంలో దిగగానే ఆ విద్య ఎలా మరచిపోతాడో నాకు అర్థం కాదు. సోఫాలో కూర్చుని "అమ్మా, వీడు తడిపాడు చూడు" అని కేక వేస్తాడు. అమ్మ పరుగున వస్తుంది. కొడుకు చేత ఆ పని చేయిస్తే చూసేవాళ్ళు ఏమనుకుంటారోనని ఆమె భయం. చేతకానితనం కాదు ఇది. ఊరిని బట్టి మారే బడాయి.

ఈ బడాయి గురించి నాకు బాగా తెలుసు. నా ఇద్దరు పిల్లలకు నేను ఒక్కసారి కూడా గుడ్డ మార్చలేదు. వార్డులో రోజుకు ఎందరో పసిబిడ్డల మలమూత్రాలను పరీక్షించిన చేతులివి. ఇంటికి రాగానే "ఏమోయ్, చూడు" అని వరండాలోకి నడిచేవాడిని. మనుమరాలు పుట్టాక, నా భార్య మోకాలి శస్త్రచికిత్స జరిగి మంచం మీద ఉన్న రోజుల్లో, మొదటిసారి నేల మీద కూర్చున్నాను. వేల మందికి చెప్పిన పద్ధతి నా చేతికి రాలేదు. గుడ్డ ముడి రెండుసార్లు జారింది. మంచం మీద నుంచి చూస్తున్న నా భార్య, "ముప్పై ఐదేళ్ళకు తీరిక దొరికిందన్నమాట" అంది. నేను జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఏమీ లేదు. ఈ వ్యాసమే ఆ జవాబు అనుకోండి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు బిడ్డ పుట్టినప్పుడు పదిహేను రోజుల పితృత్వ సెలవు ఉంది. తీసుకున్నవారు ఆ రోజులు దేనికి వాడారో తమను తాము అడగాలి. ఏ సెలవూ లేని కాంట్రాక్టు కార్మికుడు, ఓడరేవు కూలీ కూడా ఇంట్లో ఉన్న వేళల్లో రెండుసార్లు మార్చగలడు. ఈ పనికి సెలవు చీటీ అక్కరలేదు.

వాడిన డైపరు ఎవరి చేతిలో పడుతుంది?

చోటు ఏర్పాటు చేసుకున్నాం, వంతులు వేసుకున్నాం. పని అక్కడితో ముగియదు. రోజుకు ఐదు డైపర్ల చొప్పున వాడితే ఒక్క బిడ్డకు ఏడాదికి 1,825 అవుతాయి. ప్లాస్టిక్ పొరలు, ఆ పీల్చే పొడి మట్టిలో కలిసిపోయేవి కావు. మన ఊళ్ళో అవి చేరే చోట్లు చూడండి: ఖాళీ స్థలాలు, గెడ్డలు. గెడ్డలో వేసినది వాన రాగానే ఒకచోట అడ్డుపడి వీధిలోకి నీళ్ళు తెస్తుంది, లేదా సముద్రానికి చేరుతుంది. మరుగుదొడ్డిలో వేసినది అపార్టుమెంటు గొట్టానికి అడ్డం పడుతుంది.

2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు వాడిన డైపర్లను పారిశుద్ధ్య వ్యర్థాలుగా పేర్కొన్నాయి. వాటిని విడిగా, గట్టిగా చుట్టి ఇవ్వడం ఇంటివారి బాధ్యత అన్నాయి. చుట్టడానికి సంచులు ఇవ్వవలసిన బాధ్యతను తయారీ సంస్థల మీద పెట్టాయి. మీరు కొన్న ప్యాకెట్టులో ఆ సంచులు ఉన్నాయేమో వెతకండి. లేకపోతే, వందల రూపాయలు పోసి కొన్న మీకు అడిగే హక్కు ఉంది.

మనం చేయగలిగింది చేద్దాం. మలాన్ని ముందుగా మరుగుదొడ్డిలో వదిలేయండి. డైపరును లోపలి వైపు మడిచి, దాని పట్టీలతోనే బిగించి, పాత పత్రికలో చుట్టి, పైన ఎర్ర సిరాతో ఒక గుర్తు పెట్టండి. తడి చెత్తలో కలపకుండా విడిగా చెత్త బండికి ఇవ్వండి. తెరిచి పడేసిన డైపరు పారిశుద్ధ్య కార్మికుల చేతుల్లో తెరుచుకుంటుంది. వారి చేతులకు తొడుగులు ఉండవచ్చు, లేకపోవచ్చు. కాపులుప్పాడ చెత్త గుట్టల దాకా దాన్ని మోసేది మనుషులే. ఆ మనుషులు ఎక్కువగా ఏ కులాలవారో నేను విడమరచి చెప్పనక్కరలేదు. మన బిడ్డ మలాన్ని తాకడానికి మనకే రోత అయినప్పుడు, దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడానికి మనకున్న అర్హత ఏమిటి?

పగలు గుడ్డలు, రాత్రికీ ప్రయాణాలకూ డైపర్లు అన్న పద్ధతి చాలా ఇళ్ళకు కుదురుతుంది; చెత్త తగ్గుతుంది, ఖర్చు తగ్గుతుంది, చర్మానికీ మంచిది. గుడ్డలను ముందు జాడించి, సబ్బుతో ఉతికి, వేడినీళ్ళలో ముంచి, ఎండలో ఆరేయండి. ముసురు రోజుల్లో పూర్తిగా ఆరకపోతే ఇస్త్రీ చేసి వాడండి. అయితే ఒక షరతు: గుడ్డలు ఉతికే పని కూడా వంతుల్లో చేరాలి. లేకపోతే పర్యావరణం పేరు చెప్పి ఆ తల్లి నెత్తిన మరో చాకిరి పెట్టినట్టే అవుతుంది.

ఎం.వి.పి. కాలనీ ఇంటి సంగతి చెప్పి ముగిస్తాను. ఆ బల్లను తిరిగి ఇచ్చేయమని నేను చెప్పలేదు. దాని మీద మడత పెట్టిన బట్టలు ఉంచుకోమన్నాను. స్నానాల గది పక్కన గోడ వార ఒక బొంత పరిపించి, అల్లుడుగారిని పిలిచి కూర్చోబెట్టాను. బిడ్డకు బదులు ఒక చిన్న దిండు ఇచ్చి, డైపరు కట్టమన్నాను. ఇంటిల్లిపాదీ నవ్వారు. మొదటిసారి పట్టీ తప్పుగా అంటించారు. మూడోసారికి సరిగ్గా వచ్చింది.

మీ ఇంట్లో బిడ్డ రాబోతుంటే ఈ ఆదివారమే ఆ దిండు తీయండి. బొంత పరిచిన గోడకు ఒక కాగితం అంటించి, రాత్రి వంతులు ఎవరివో పేర్లు రాయండి. మొదటి పేరు తండ్రిది కావాలి.